అబార్షన్ చట్టం ప్రభుత్వమే ఇచ్చింది కదా, మరి స్త్రీలు దేనికి పోరాడారు?

మీరు సెమినార్ పేపర్ కోసం అడిగిన ప్రశ్న ఇది: "భారతదేశంలో 1971లోనే, అమెరికా కంటే రెండేళ్ళు ముందే, ప్రభుత్వం అబార్షన్‌ను చట్టబద్ధం చేసింది. దానికోసం ఫెమినిస్టులు వీధుల్లోకి రాలేదు. మరి పునరుత్పత్తి హక్కుల కోసం మన దేశంలో స్త్రీల ఉద్యమం జరిగిందని చెప్పొచ్చా? మిగతా దేశాల చరిత్రతో దీన్ని ఎలా కలిపి చూడాలి?"

స్త్రీల ఆరోగ్యం మీద పనిచేసే బృందాల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఉద్యమం జరిగింది. మీరు అబార్షన్ అన్న ఒక్క మాట దగ్గరే వెతికారు, అందుకే కనబడలేదు.

ముందు ఆ 1971 చట్టం సంగతే చూద్దాం. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 312వ సెక్షన్ ప్రకారం కడుపు తీసినవాళ్ళకే కాదు, తీయించుకున్న స్త్రీకి కూడా శిక్ష ఉంది. 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. నాటు పద్ధతుల్లో గర్భం తీయించుకుని ప్రాణాలు పోగొట్టుకుంటున్న స్త్రీల గురించి డాక్టర్లు గట్టిగా చెప్పారు. జనాభా తగ్గించాలన్న ఆత్రం ప్రభుత్వానికి ఎటూ ఉంది. ఈ రెండూ కలిసి చట్టమైంది. దాని పాఠం ఒకసారి చదవండి. ఫలానా పరిస్థితుల్లో రిజిస్టర్డ్ డాక్టరు గర్భం తీస్తే ఆ డాక్టరు నేరస్తుడు కాడు అంటుంది. అడిగే హక్కు స్త్రీకి ఉందని ఎక్కడా అనదు. గర్భనిరోధక సాధనం పనిచేయకపోవడం అన్న కారణం కూడా "పెళ్ళైన స్త్రీ లేదా ఆమె భర్త" వాడినప్పుడే వర్తించేది. ఆ మాట మారి "ఏ స్త్రీ అయినా, లేదా ఆమె భాగస్వామి" అయ్యేసరికి 2021 వచ్చింది. అంటే యాభై ఏళ్ళు పట్టింది. మూల నేరం ఇప్పటికీ ఉంది, పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా 88వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

కాబట్టి మీ పేపర్‌కి "అబార్షన్ ఎప్పుడు చట్టబద్ధమైంది" అన్న ప్రశ్న చాలదు. కనాలా వద్దా, ఎప్పుడు, ఎంతమందిని, ఏ మందు వాడి అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? నాకు తెలిసినంతలో ఈ చరిత్ర మొత్తాన్ని కలిపే దారం ఇదొక్కటే. వద్దన్న స్త్రీ చేత బలవంతంగా కనిపించడం, కావాలన్న స్త్రీకి పిల్లలు పుట్టకుండా చేయడం, రెండింటి మీదా స్త్రీలు పోరాడారు. రెండో పోరాటం గురించి పుస్తకాల్లో తక్కువ రాస్తారు, మన దేశంలో ఎక్కువగా నడిచింది అదే.

ఈ కథలో మనకు బాగా తెలిసిన పేరు ఒకటి మొదట్లోనే వస్తుంది. అనీ బిసెంట్. హోమ్ రూల్ ఉద్యమానికీ, 1917లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికీ చాలా ముందు, 1877లో లండన్‌లో ఆమె, నాస్తిక ఉద్యమకారుడు చార్లెస్ బ్రాడ్లా కలిసి గర్భనిరోధక పద్ధతులు వివరించే ఒక చిన్న పుస్తకాన్ని కావాలనే మళ్ళీ అచ్చువేశారు. అశ్లీల సాహిత్యం అని కేసు పెట్టారు. కోర్టులో ఆమె తన వాదన తానే వినిపించింది. పేద తల్లులు ఏటేటా కంటూ ఎలా నలిగిపోతున్నారో జ్యూరీకి చెప్పింది. జైలు శిక్ష పడింది, అప్పీలులో సాంకేతిక కారణంతో కొట్టేశారు. ఈలోగా ఆ పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. కానీ మరుసటి ఏడాది, ఇలాంటి పుస్తకం వేసిన తల్లి, పైగా నాస్తికురాలు అని చెప్పి కోర్టు ఆమె కూతుర్ని ఆమె దగ్గర్నుంచి తీసేసుకుంది. తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరాక ఆమె తన పాత అభిప్రాయాలను వదులుకుంది, అది వేరే విషయం. పిల్లల గురించి స్త్రీలకు తెలియజెప్పినందుకు తన బిడ్డను పోగొట్టుకున్న ఈ ఘట్టం మాత్రం ప్రతి తరంలో ఎవరికో ఒకరికి మళ్ళీ చెప్పాలనిపిస్తుంది నాకు.

అమెరికాలో మార్గరెట్ సాంగర్ 1916లో బ్రూక్లిన్‌లో గర్భనిరోధక క్లినిక్ తెరిస్తే పదిరోజుల్లోపే పోలీసులు మూయించారు. ఆమె ధైర్యాన్ని తక్కువ చేయలేం. అలాగే "పనికిరానివాళ్ళు" పిల్లల్ని కనకూడదనే యూజెనిక్స్ వాదంతో ఆమె చేతులు కలిపిందన్నదీ దాచకూడదు. అమెరికాలో ఆ వాదం పేరుతో చట్టాలు చేసి 60 వేలమందికి పైగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. 1927లో సుప్రీం కోర్టే దాన్ని సమర్థించింది. స్వేచ్ఛ కోసం అడిగిన సాధనమే ఇంకొకరి చేతిలో ఆయుధమైన మొదటి సందర్భం ఇది.

మన దగ్గర గణిత ప్రొఫెసర్ ఆర్.డి. కర్వే 1921లో బొంబాయిలో గర్భనిరోధక సలహా కేంద్రం తెరిచాడు. ఉద్యోగం పోయింది, పత్రిక మీద అశ్లీలత కేసులు పడ్డాయి. 1934లో ఆయన తరఫున వాదించింది అంబేద్కర్. తమిళనాట పెరియార్ ఇంకో అడుగు ముందుకేశాడు. దేశ ఆర్థికం కోసమో ఆరోగ్యం కోసమో కాదు, స్త్రీ స్వేచ్ఛ కోసమే గర్భనిరోధం కావాలన్నాడు. అఖిల భారత మహిళా సభ 1932 లక్నో సమావేశంలో గర్భనిరోధానికి అనుకూలంగా తీర్మానం చేసింది. 1935 డిసెంబరులో సాంగర్ వార్ధా వెళ్ళి గాంధీతో వాదించింది. ఆయన నిగ్రహమే మార్గమన్నాడు, మహిళా సభ నాయకురాళ్ళలో చాలామంది ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినలేదు. అయితే వాళ్ళు ఎక్కువగా పై కులాల, పై తరగతుల స్త్రీలు. పేదలు ఎక్కువమందిని కనేస్తున్నారన్న ధోరణి వాళ్ళ మాటల్లోనూ వినిపిస్తుంది. మీ పేపర్‌లో ఇది తప్పకుండా రాయండి.

1952లో ప్రభుత్వ స్థాయిలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన మొదటి దేశం మనది. అప్పటినుంచీ ఈ విషయం స్త్రీల సభల చేతుల్లోంచి ప్రణాళికా సంఘం చేతుల్లోకి వెళ్ళిపోయింది.

పశ్చిమ దేశాల్లో 1969 నుంచి 1975 దాకా జరిగింది మీకు తెలిసే ఉంటుంది, అందుకే ముఖ్యమైనవే చెప్తాను. 1969 ఫిబ్రవరిలో న్యూయార్క్ చట్టసభ అబార్షన్ మీద విచారణ పెట్టి పదిహేనుమంది నిపుణులను పిలిచింది. అందులో పద్నాలుగుమంది మగవాళ్ళు, మిగిలిన ఒక్కరు క్రైస్తవ సన్యాసిని. రెడ్‌స్టాకింగ్స్ అనే బృందం ఆ సభను అడ్డుకుంది. నెల తర్వాత వాళ్ళే ఒక చర్చిలో సభ పెట్టి, అబార్షన్ చేయించుకున్న స్త్రీలే మైకు ముందు తమ కథ చెప్పుకునేలా చేశారు. చికాగోలో "జేన్" అనే రహస్య బృందం మొదట డాక్టర్ల దగ్గరికి దారి చూపేది, తర్వాత సభ్యులే పద్ధతి నేర్చుకుని 1973 దాకా సుమారు 11,000 అబార్షన్లు చేశారు. ఫ్రాన్స్‌లో 1971 ఏప్రిల్ 5న 343 మంది స్త్రీలు "నేనూ చేయించుకున్నాను" అని పత్రికలో పేర్లతో సంతకాలు పెట్టారు, ఆ ప్రకటన రాసింది రచయిత్రి సిమోన్ ద బోవా. మరుసటి ఏడాది బొబిన్యీ కోర్టులో, అత్యాచారం వల్ల గర్భం వచ్చి తీయించుకున్న ఒక మైనర్ అమ్మాయి కేసును జిసెల్ అలిమి వాదించి, ముద్దాయి స్థానంలో చట్టాన్నే నిలబెట్టింది. 1975లో చట్టం మారింది. వీటన్నిటిలో ఒకే పద్ధతి కనిపిస్తుంది. సిగ్గుపడి దాచుకోవాల్సిన విషయమని నేర్పినదాన్ని సొంత పేరుతో బయటపెట్టడం.

ఇదే సమయంలో అమెరికాలోనే ఇంకో పోరాటం నడిచింది. మన కథకు దగ్గరగా ఉన్నది అదే. 1973లో అలబామాలో 12, 14 ఏళ్ళ ఇద్దరు నల్లజాతి అక్కచెల్లెళ్ళకు ప్రభుత్వ నిధులతో నడిచే క్లినిక్ వాళ్ళు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. తల్లికి చదువు రాదు. పిల్లలకు అప్పటికే ఇస్తున్న డెపో-ప్రొవెరా అనే గర్భనిరోధక ఇంజెక్షన్ల కోసమే అనుకుని కాగితం మీద గుర్తు పెట్టింది. ప్యూర్టోరికో మూలాలున్న డాక్టర్ హెలెన్ రోడ్రిగెస్-ట్రియాస్ వంటివాళ్ళు న్యూయార్క్‌లో సంఘం కట్టి, ఆపరేషన్‌కు ముందు 30 రోజుల గడువు ఉండాలని, రోగి భాషలోనే వివరించాలని, ప్రసవ సమయంలో సంతకం తీసుకోకూడదని పట్టుబట్టారు. దీన్ని కొన్ని పేరున్న ఫెమినిస్టు సంస్థలే వ్యతిరేకించాయంటే మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. మధ్యతరగతి తెల్ల స్త్రీల సమస్య వేరు. వాళ్ళు ఆపరేషన్ అడిగినా డాక్టర్లు చేసేవాళ్ళు కాదు. వయసును పిల్లల సంఖ్యతో హెచ్చవేస్తే 120 దాటాలనే లెక్క ఒకటి చాలాకాలం ఉండేది. ఒకే ఆసుపత్రిలో ఒకరు అడిగినా చేయరు, ఇంకొకరికి అడగకుండా చేస్తారు. గడువు నిబంధన 1970ల చివరికి దేశమంతా అమల్లోకి వచ్చింది. ఈ గొడవ నుంచి పుట్టిన ఆలోచనే 1994లో నల్లజాతి స్త్రీలు పెట్టిన "పునరుత్పత్తి న్యాయం" అన్న పేరు. కనకుండా ఉండే హక్కు, కనే హక్కు, కన్న పిల్లల్ని భద్రంగా పెంచుకునే హక్కు, మూడూ కలిపి అడగడం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ భాగం మగవాళ్ళకే. జనం కోపం 1977 ఎన్నికల్లో కనిపించింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ళ జోలికి వెళ్ళలేదు, భారమంతా స్త్రీల మీదికి జరిగింది. ఈ మార్పుపై పెద్దగా చర్చ జరగలేదు. మన పల్లెల్లో "ఆపరేషన్ అయిపోయిందా?" అని అడిగితే ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ పెళ్ళైన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 38 శాతం, మగవాళ్ళకు చేసే వేసెక్టమీ మాత్రం 0.3 శాతం.

1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో జరిగింది మీ పేపర్‌కు గుండెకాయ కావాలని నా అభిప్రాయం. నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను రెండు నెలలకోసారి ఇచ్చి పరీక్షించే కార్యక్రమం భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో నడుస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి స్త్రీలను అక్కడికి తీసుకొచ్చారు. 1978లో హైదరాబాద్‌లో మొదలైన స్త్రీల బృందం స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్ళి వాళ్ళతో మాట్లాడారు. పిల్లలు పుట్టకుండా సూది వేస్తారని తెలుసుగానీ, అది ఇంకా పరీక్షలో ఉన్న మందని, తాము ఆ పరీక్షలో భాగమని వాళ్ళకెవరూ చెప్పలేదు. రక్తస్రావం క్రమం తప్పుతుందని, నెలసరి ఆగిపోవచ్చని కూడా తెలియదు. విషయం చెప్పాక చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు. 1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, అహ్మదాబాద్‌లోని చింగారీ కలిసి సుప్రీం కోర్టుకు వెళ్ళాయి. కేసు పద్నాలుగేళ్ళు సాగింది. చివరికి సామూహిక కార్యక్రమంలో నెట్-ఎన్ వాడబోమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

వాళ్ళు అడిగిందేమిటో జాగ్రత్తగా గమనించండి. గర్భనిరోధకాలు వద్దని వాళ్ళు అనలేదు. వాడే మనిషికి తెలియాలి, వద్దనుకుంటే ఆపుకోగలగాలి అన్నారు. మాత్ర నచ్చకపోతే రేపటి నుంచి మానేయొచ్చు. ఒంట్లోకి ఎక్కిన ఇంజెక్షన్‌ను వెనక్కి తీయలేం. ఒక్క డాక్టరుకు వందలమంది ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దుష్ప్రభావాలు ఎవరు చూస్తారన్నది వాళ్ళ ప్రశ్న. దీన్ని ఒప్పుకోని ఫెమినిస్టులూ ఉన్నారు. మగవాడు సహకరించని ఇంట్లో, ఎవరికీ తెలియకుండా వేయించుకోగల ఇంజెక్షన్ స్త్రీకి ఒక ఆసరా అన్నది వాళ్ళ వాదన. నేను మొదటి వైపు ఉన్నదాన్నే. కానీ భర్తకు తెలియకుండా ఏదైనా ఇప్పించమని అడిగిన స్త్రీల ముందు కూర్చున్నాక రెండో వాదనను తీసిపారేయలేకపోయాను. 2017లో డెపో ఇంజెక్షన్ "అంతర" పేరుతో ప్రభుత్వ కేంద్రాల్లోకి వచ్చింది, ఆ చర్చ ఇంకా ముగియలేదు.

ఆ బృందాలు కోర్టు కేసులతో ఆగలేదు. హైదరాబాద్ స్త్రీలు 1990ల మొదట్లో "సవాలక్ష సందేహాలు" అనే పుస్తకం తెచ్చారు. నెలసరి నుంచి గర్భసంచి ఆపరేషన్ దాకా మామూలు తెలుగులో చెప్పిన పుస్తకం అది. డాక్టరు దగ్గర నోరు తెరవడానికి చాలామందికి ధైర్యమిచ్చింది.

లింగ నిర్ధారణ పరీక్షల మీద పోరాటం ఇంకా కష్టమైనది. 1970ల మధ్యలో పిండంలో లోపాలు కనిపెట్టడానికి వచ్చిన పరీక్ష కొద్ది ఏళ్ళలోనే ఆడపిల్ల అని తెలుసుకుని తీయించేసే వ్యాపారమైంది. 1980ల మధ్యలో బొంబాయిలో స్త్రీల బృందాలు, డాక్టర్లు కలిసి వేదిక కట్టారు. 1988లో మహారాష్ట్రలో, 1994లో దేశమంతటికీ చట్టం వచ్చింది. చట్టం నిద్రపోతుంటే 2000లో సెహత్, మాసుమ్ సంస్థలు, కార్యకర్త సాబు జార్జ్ సుప్రీం కోర్టుకు వెళ్ళి కదిలించారు. ఇక్కడే ఒక చిక్కు. గర్భం తీయించుకునే హక్కు స్త్రీదే అంటూ, ఆడపిల్ల అని తీయించుకోవడం తప్పని ఎలా అనగలం? ఉద్యమం చాలా చర్చించి పట్టుకున్న గీత ఇది: నేరం పరీక్ష చేసి లింగం చెప్పడంలో ఉంది, అబార్షన్‌లో లేదు. అందుకే చట్టం పరీక్షను నిషేధించింది. కానీ ప్రచారంలో ఆ గీత చెరిగిపోయింది. "భ్రూణహత్య మహాపాపం" అని గోడల మీద రాశారు. హత్య అన్నాక ఏ కారణంతో తీయించుకున్నా హత్యే అవుతుంది కదా. ఆ పోస్టరు చూసి అబార్షనే చట్టవిరుద్ధం అనుకుని ఆసుపత్రి గుమ్మం నుంచే తిరిగి వెళ్ళిపోయిన ఆడవాళ్ళను నేను కలిశాను. దయచేసి మీ పేపర్‌లో ఆ మాట వాడకండి. "లింగ ఎంపిక" అనండి.

1994 కైరో జనాభా సదస్సులో 179 దేశాలు జనాభా లక్ష్యాల భాష వదిలి హక్కుల భాషకు ఒప్పుకున్నాయి. దాని వెనక ప్రపంచవ్యాప్తంగా మహిళా బృందాల ఏళ్ళ తరబడి కృషి ఉంది. 1996లో మన ప్రభుత్వం కూడా టార్గెట్లు ఎత్తేశామంది. సామూహిక ఆపరేషన్ల క్యాంపులు మాత్రం ఆగలేదు. 2012 జనవరిలో బిహార్‌లోని అరరియా జిల్లాలో ఒక స్కూల్లో టార్చిలైట్ల వెలుతురులో రెండు గంటల్లో 53 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. ఆరోగ్య కార్యకర్త దేవికా బిస్వాస్ సుప్రీం కోర్టుకు వెళ్ళారు. ఆ కేసు నడుస్తుండగానే, 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి చేశాడు. ఆ రోజుల్లో అక్కడి క్యాంపుల్లో 13 మంది చనిపోయారు. 2016లో కోర్టు మూడేళ్ళలో క్యాంపులు పూర్తిగా ఆపమంది.

ఇంకో తీర్పు, 2009 నాటి సుచితా శ్రీవాస్తవ కేసు. కనాలా వద్దా అన్నది రాజ్యాంగం 21వ అధికరణం కింద స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛ అని సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది ఇందులోనే. ఆ కేసులో స్త్రీ అబార్షన్ అడగలేదు. చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రయంలో అత్యాచారానికి గురైన, మానసిక వైకల్యం ఉన్న ఆమె, బిడ్డను కంటానంది. అధికారులు తీయించేద్దామన్నారు. 2022 సెప్టెంబరు 29న పెళ్ళికాని స్త్రీలకు కూడా 24 వారాల దాకా గర్భం తీయించుకునే వెసులుబాటు వర్తిస్తుందన్న తీర్పు దీన్ని ఆధారం చేసుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి.

మిగతా దేశాల్లో ఇటీవలి సంగతులు క్లుప్తంగా. ఐర్లండ్‌లో మన కర్ణాటక అమ్మాయి సవితా హలప్పనవర్ 2012లో గర్భం నిలవదని తెలిసినా ఆసుపత్రి వాళ్ళు తీయడానికి ఒప్పుకోక ఆలస్యం చేసినందువల్ల ఇన్ఫెక్షన్‌తో చనిపోయింది. 2018 రెఫరెండంలో 66.4 శాతం మంది అక్కడి అబార్షన్ నిషేధాన్ని తీసేశారు. అర్జెంటీనాలో ఆకుపచ్చ రుమాళ్ళ ఉద్యమం పదిహేనేళ్ళు నడిచి 2020 డిసెంబరు 30న గెలిచింది. 2022లో అమెరికా సుప్రీం కోర్టు అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన తన 1973 తీర్పును తానే రద్దు చేసింది. 2024 మార్చిలో ఫ్రాన్స్ ఈ స్వేచ్ఛను రాజ్యాంగంలోనే రాసుకుంది.

చివరిగా మన రాష్ట్రం ఉదాహరణ ఒకటి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2024 నవంబరులో ఎత్తేసింది, ఇప్పుడు జనాభా తగ్గిపోతోందని, ఎక్కువమందిని కనమని నాయకులు చెబుతున్నారు. ఎత్తేయడం మంచిదే. కానీ రుమేనియాలో 1966లో చౌసెస్కూ జనాభా పెంచాలని అబార్షన్‌ను, గర్భనిరోధకాలను దాదాపు నిషేధిస్తే 1989 దాకా వేలమంది స్త్రీలు నాటు అబార్షన్లతో చనిపోయారని గుర్తుంచుకోవాలి. మన దగ్గర అంతదాకా వస్తుందని నేననను. తక్కువ కనమన్నప్పుడు స్త్రీని అడగలేదు, ఎక్కువ కనమంటున్నప్పుడూ అడగడం లేదు, నా ఆందోళన దాని గురించి.

మీ పేపర్‌కు ఒక్క సలహా. లైబ్రరీతో పాటు మీ ఇంట్లో, చుట్టాల్లో యాభై, అరవై దాటిన ఐదారుగురు ఆడవాళ్ళతో, వాళ్ళకు ఇష్టమైతేనే, కూర్చుని మాట్లాడండి. ఆపరేషన్ ఏ వయసులో అయింది, ఎవరు తీసుకెళ్ళారు, సంతకం చేశారా వేలిముద్ర వేశారా, ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా అని అడగండి. ఆ తర్వాత పటాన్‌చెరు కేసు కాగితాలు చదవండి.